సున్నపు రౌండులో కుర్చీ

పోతారం, జగిత్యాల జిల్లా
జూన్ 2020

చిరంజీవి అల్లుడు సదానందానికి సోమలింగం మామ దీవెనలు.

ఫోను ఉండగా ఈ ఉత్తరమేమిటని నవ్వకు. మా ఇంట్లో ఫోను ఒక్కటే, అది మీ అత్త చిన్నవ్వ చేతిలో ఉంటుంది. స్పీకరు పెడితే గాని మా ఇద్దరికీ వినబడదు. స్పీకరు పెడితే వాడకట్టంతా వింటుంది. నీకూ నాకూ నడుమ మాటలు వాడకట్టు వినేవి కావు. నా రాత పేపరు రాతలాగా ఉందని కూడా నవ్వకు. ముప్పై ఏండ్లు సూరత్‌లో గిరాకీ లేని వేళల్లో నేను చదివింది ఊరి బస్సులో వచ్చే పాత పేపర్లే. అక్షరాలు వంకరగా ఉంటే మాత్రం తప్పు నాది కాదు, కలానిది.

మన తెలుగు సంఘం వాళ్లు మాట్లాడిన బస్సులో క్షేమంగా చేరాను. ఊరి పొలిమేరలో సర్పంచు ఎదురొచ్చాడు. పోయినేడు ఆయన బిడ్డ పెండ్లికి సూరత్ చీరలు తెచ్చినప్పుడు కూడా అట్లాగే ఎదురొచ్చాడు కాబట్టి సంతోషపడి బస్సు దిగాను. ఈసారి ఆయన వెనక పత్తి చేనుకు మందు కొట్టే పంపు ఉంది. మమ్మల్ని వరుసగా నిలబెట్టి, పురుగు పట్టిన మొక్కలను తడిపినట్టు తడిపి, బడిలో పెట్టి తాళం వేశారు. చీరలు తెచ్చిన రోజు నన్ను 'సూరత్ సోమలింగం' అన్నవాళ్లే ఇప్పుడు 'సూరత్ రోగం వచ్చింది' అంటున్నారు.

బడిలో నా బాధ నీకే చెప్పాలి. గది నిండా మనుషులు, ప్రతి మనిషికీ జానెడు గడ్డం. నా సంచిలో కత్తి, కత్తెర, దువ్వెన. కానీ ఎవరూ ఎవరినీ ముట్టకూడదని పంతులు ఆజ్ఞ. ఆకలిగొన్నవాడి ముందు విస్తరి వేసి చేతులు కట్టేసినట్టే ఉంది. మీ అత్త కిటికీ దగ్గరికి వచ్చి, "వచ్చినోనివి వచ్చినవ్ గని, జర మాస్కు దించు. మా ఆయనవో కావో సూసుకోవాలె" అంది. దించాను. గడ్డం చూసి, "మంగలోని ఇంట్ల గీ బైరాగి ఎవ్వడు?" అని వెళ్లిపోయింది.

ఇక అసలు సంగతి. మీ మగ్గాల కార్ఖానా గేటు ఎదుటి గోడకు నేను కొట్టిన మేకు ఉంది. అద్దమూ కుర్చీ నా పక్కన ఉడికించిన శనగ గుడాలు అమ్మే కొమురవ్వకు అప్పగించి వచ్చాను. అటుపక్క తాళాలు బాగుచేసే ధన్‌సుఖ్ కాకా ఉంటాడు గాని, ఆయన తాళాలే తప్ప మనుషులను చూడడు. నువ్వు రోజూ గేటు దాటే మనిషివి, నా జాగ కనిపెట్టుకొని ఉండు. ఆ జాగ ఉన్నన్నాళ్లే నేను మంగలిని. అది పోతే ఉత్త ముసలివాణ్ణి. ఈ మాట నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

నీ మామ,
సోమలింగం


ఉధ్నా, సూరత్
ఆగస్టు 2020

సోమలింగం మామకు సదానందం దండాలు.

ఉత్తరం అందింది. నీ కలానికి సంత నుంచి పారిపోయిన మేక నడక ఉంది మామా, కొత్తది కొనుక్కో.

మగ్గాలు సగం నడుస్తున్నాయి. సేటు ఇంకా బార్డోలీలో చెరుకు తోటలోనే ఉన్నాడు. అక్కడి నుంచి మాకు రోజూ ధైర్యం చెబుతూ పిట్టల ఫోటోలు పంపుతున్నాడు. గుమాస్తానైన నన్ను కరోనా ఆఫీసరును చేశాడు. గేటు దగ్గర నిలబడి అందరి నుదుటికీ జ్వరం తుపాకీ పెట్టడం నా ఉద్యోగం. ఆ తుపాకీ లెక్కన మన మగ్గాలోళ్లందరి ఒళ్లూ శవాల కంటే చల్లగా ఉంది. అట్లాగే రాసుకొని లోపలికి పంపుతున్నాను, ఎవరూ పడిపోలేదు.

నీ గోడ దగ్గర ఒక వింత జరిగింది. గోడ చివర పాల దుకాణం ఉంది కదా, అక్కడ జనం ఎగబడుతున్నారని మున్సిపాలిటీ వాళ్లు వచ్చి గోడ పొడుగూతా సున్నంతో రౌండ్లు గీసిపోయారు. పాలకు వచ్చినవాళ్లు ఒక్కో రౌండులో ఒక్కరు నిలబడాలని వాళ్ల ఆలోచన. తెల్లవారి కొమురవ్వ గంప నెత్తిన పెట్టుకొని వచ్చి చూసింది. ఆమె పాత జాగలోనే చక్కటి రౌండు. గంప దించి అందులో కూర్చుంది. నేను వెళ్లి, "అవ్వా, ఇది పాలకు వచ్చేటోళ్లు నిలబడే జాగ" అన్నాను.

"ఏంది బిడ్డా? గిన్నేండ్ల సంది గీడ కూసున్నందుకు సర్కారు జాగ రాసిచ్చింది. ఉత్తగ రాసియ్యలే, ముగ్గు గూడ ఏసిచ్చింది. నీకు పుణ్యముంటది, నడిమిట్ల మాట్లాడకు!" అంది.

ధన్‌సుఖ్ కాకా తాళాల పెట్టె పక్క రౌండులో పెట్టి, "సర్కారే ఆప్యుం ఛే, సదానంద్‌భాయ్" అన్నాడు. సర్కారే ఇచ్చిందట. పాలకు వచ్చినవాళ్లు రౌండ్ల బయట ఒకరి మీద ఒకరు పడుతున్నారు. అంతలో పోలీసాయన లాఠీతో వచ్చాడు. ఇద్దరినీ లేపి తరుముతాడనుకొని నేను తుపాకీతో సహా గేటు వెనక దాక్కున్నాను. ఆయన చూస్తే ఊరు మొత్తంలో రౌండు నడిమధ్యలో కదలకుండా కూర్చున్నవాళ్లు ఈ ఇద్దరే. "చూడండి, ముసలివాళ్లను చూసి బుద్ధి తెచ్చుకోండి" అని పాలవాళ్లను కొట్టి, వీళ్లిద్దరికీ ఫోటో తీశాడు. ఆ ఫోటో గుజరాతీ పేపర్లో వచ్చింది. ఇప్పుడు మున్సిపాలిటీ వాళ్లే వచ్చి సున్నం చెరిగితే మళ్లీ వేసి వెళుతున్నారు. ముప్పై ఏండ్లు గోడకు ఆనుకొని కూర్చుంటే లాఠీ చూపించినవాళ్లు, గీత గీస్తే దండం పెడుతున్నారు.

నీ మేకు కింద కూడా ఒక రౌండు పడింది మామా. అది ఖాళీగానే ఉంది, దాదాపు.

నీ అల్లుడు,
సదానందం


పోతారం
అక్టోబరు 2020

అల్లుడు సదానందానికి,

నా రౌండు సంగతి చదివి ఇంటి వెనక్కి పోయి ఒక్కణ్ణే నవ్వుకున్నాను. మా తాత పట్టా లేకుండా పోయాడు, మా నాయన పట్టా లేకుండా పోయాడు. మా వంశంలో సర్కారు సున్నంతో పట్టా గీసిచ్చింది నాకే.

కానీ ఆ 'దాదాపు' ఏమిటి? రౌండు అన్నాక ఖాళీగా ఉండాలి, లేదా నిండి ఉండాలి. దాదాపు ఖాళీ ఉండేది గుమాస్తా బుర్ర ఒక్కటే. ఎవడు కూర్చుంటున్నాడో పేరు రాయి.

నేనిక్కడ ఎట్లా ఉన్నానో చెబుతాను విను. ఈ ఊళ్లో మా మంగలి ఇండ్లు రెండు. ఊరిని పంచుకొని బతికాం. ఈ వాడ గడ్డాలు మావి, ఆ వాడ గడ్డాలు వాళ్లవి. పెండ్లయినా చావయినా ఎవరి వంతు ఇంటికి వాళ్లే పోవాలి. ఒకరి వంతు తల ఇంకొకరు ముట్టుకుంటే పంచాయతీ. నేను సూరత్ బండెక్కిన రోజు నా వంతు ఇండ్లు తమ్ముడు బిక్షపతికి అప్పగించాను. బడి నుంచి వదిలాక, వాడి దుకాణానికి పోయి నా వంతు కొన్ని ఇండ్లయినా తిరిగి ఇమ్మన్నాను.

వాడు కుర్చీ తిప్పుకుంటూ, "అన్నా, ఏమనుకోకు. ఊర్ల ఒక్క తలకాయ గూడ ఖాళీగ లేదు" అన్నాడు.

నేను చూస్తున్నాను కదా, ఊళ్లో ఖాళీ తలకాయలకు కొదవేముంది? అయినా తమ్ముడితో ఏం పంచాయతీ పెడతాను. పొద్దున లేచి ఆవుకు గడ్డి వేస్తున్నాను. దానికి గడ్డం లేదు. కాబట్టి నాకు ఆ రౌండు తప్ప ఈ భూమ్మీద పని జాగ లేదు. సున్నం వానకు చెరిగిపోతే నువ్వే పోసి గీయి. ఎవడు కూర్చున్నా లేపు. నేను సంక్రాంతి దాటాక వస్తాను. మీ అత్తకు తెలియదు, తెలియనివ్వకు.

నీ మామ,
సోమలింగం


ఉధ్నా
డిసెంబరు 2020

మామకు దండాలు.

పేరు అడిగావు కాబట్టి రాస్తున్నాను. ఇది చదివేటప్పుడు చేతికి దగ్గర్లో ఏ వస్తువూ పెట్టుకోకు.

నీ రౌండులో గణపతి కూర్చుంటున్నాడు. పొడుగ్గా ఉంటాడే, ఉన్ బస్తీ నుంచి సైకిల్ మీద వచ్చే మన పద్మశాలి గణపతి, ఆయనే. మగ్గాలు సగానికి తగ్గినప్పుడు వయసు మళ్లినవాళ్లను సేటు ఫోన్లోనే సాగనంపాడు. "గణపతిభాయ్, మీ ఆరోగ్యమే మాకు ముఖ్యం" అన్నాడు. ఆ రోజు నుంచి ఆయన ఆరోగ్యానికి తిండి లేదు. పొద్దున అలవాటు కొద్దీ గేటు దాకా వచ్చి, గోడకు ఆనుకొని నిలబడి, షిఫ్టు విడిచే వేళకు ఇంటికి పోయేవాడు. ఇంట్లో చెప్పలేదు కాబోలు.

కొమురవ్వ చూసి చూసి, నీ కుర్చీ తీసి రౌండులో వేసి, కూర్చోమంది. నేను నీ తరఫున గట్టిగానే అడ్డుపడ్డాను మామా. ఆమె గుడాల గరిటె నా వైపు చూపించి, "ఖాళీ జాగను సర్కారు ఉంచుతదా? మనిషి ఉంటెనే గీత ఉంటది. సోమలింగం వచ్చేదాక ఈయన్ని కూసుండవెట్టిన. గింజల కుండల పామును పెట్టలే గద!" అంది.

ఉత్తగా కూర్చుంటే బాగుండదని గణపతి ఒక ట్రిమ్మరు మిషను కొనుక్కున్నాడు. కత్తి ముట్టడు, మిషనుతోనే పని. వెంట్రుకలను పోగులు సరిచేసినట్టు సరిచేస్తాడు. ఆయన కత్తిరించిన క్రాపు చీర అంచులాగా ఉంటుంది, తిన్నగా, ఒక్క పోగు బయటికి రాదు. కార్ఖానాలో సగం మంది ఇప్పుడు వెనక నుంచి ఒక్కలాగే ఉన్నారు. ఎవర్ని పిలవాలో తెలియక నేను అందర్నీ పిలుస్తున్నాను.

మేకుకు నీ అద్దమే వేలాడుతోంది. నిజం చెబుతున్నాను, రోజూ తుడుస్తున్నాడు.

నీ అల్లుడు,
సదానందం


పోతారం
జనవరి 2021

సదానందానికి,

పద్మశాలి గడ్డం గీసే రోజులు వస్తే, మంగలి మగ్గం ఎక్కాలి. మీ సేటుకు చెప్పి నాకు రెండు మగ్గాలు ఇప్పించు. చీరలకు క్రాపు పెడతాను.

కొమురవ్వకు కుర్చీ అప్పగిస్తే కుర్చీకి మనిషిని అప్పగించింది. నువ్వు తుపాకీ పట్టుకొని కాపలా ఉండి కూడా జాగ కాపాడలేకపోయావు. ఎవరినీ ఏమీ అడగను. నేను వస్తున్నాను.

సోమలింగం


పోతారం
జనవరి 2021

సదానందం అల్లునికి చిన్నవ్వత్త చెప్పి రాయించునది. నేను చెప్తుంటె మా బిక్షపతి బిడ్డ లత రాస్తున్నది. నేను అన్నది అన్నట్టే రాయమన్న.

బిడ్డా, మీ మామ ఉత్తరాలు నాకు తెల్వకుంట రాస్తున్న అనుకుంటున్నడు. రాసి అంగి జేబుల వెట్టుకోని మర్చిపోతడు. డబ్బల ఏసేది నేనే. నువ్వు రాసినవి పోస్టాయన తెచ్చి ఇచ్చేది గూడ నాకే. లత సదివి మళ్ల అంటువెడ్తది.

తమ్ముడు తలకాయలు ఇయ్యలేదని రాసిండు గద. ఇచ్చిండు బిడ్డా. అడిగిన నాడే తన వాడకట్టంత ఇచ్చిండు. ఈయన పొయ్యి ముందుగల సర్పంచుకు గడ్డం గీసిండు, చెవు తెగింది. మల్ల పక్కింటి ముత్యానికి గీసిండు, దవడ తెగింది. చెయ్యి వణుకుతున్నది. బడిల ఉన్నప్పుడు జరం వచ్చింది, నీకు రాయలేదు గని, అప్పటి సంది. కలానిది తప్పంటడు, కత్తిది తప్పంటడు. ముత్యం అయితె మంచోడు, "గోరు గీసుకున్న" అని అందరికి చెప్పిండు. నేనే రాత్రికి రాత్రి బిక్షపతి కాళ్లు పట్టుకొని, తలకాయల్లేవని చెప్పు మరిదీ, చేతులు పోయినయని మాత్రం అనకు అన్న. వాడు ఏడ్సుకుంట ఒప్పుకున్నడు.

రేపు పోతున్నడు. వేములాడ రాజన్న మొక్కు అని నాకు చెప్తున్నడు. మొక్కుకు కత్తుల డబ్బ ఎందుకయ్యా, రాజన్న దగ్గర మంగలోళ్లు లేరా అని అడగబోయి నోరు మూసుకున్న. నిజామాబాద్‌ల చెల్లె ఇంట్ల ఆగి వస్తడట. అంతల ఈ ఉత్తరం నీకు అందాలె. ఫోన్ చేద్దమంటె స్పీకరు పెట్టాలె, ఈయనతోని వాడకట్టంత వింటది.

నీకు రెండు మాటలు చెప్త. అక్కడ ఎవ్వని గొంతు తెగద్దు. మా ఆయనను సూసి ఎవ్వడు నవ్వద్దు. రెండు ఒక్కసారి ఎట్ల అయితయో నాకు తెల్వది. నువ్వు డిగ్రీ సదివినవు, నువ్వే సూడు.


ఉధ్నా, సూరత్
ఫిబ్రవరి 2021

చిన్నవ్వత్తకు సదానందం దండాలు. లతా, ఇది అత్తకు నెమ్మదిగా చదివి వినిపించు.

నీ ఉత్తరం మామ కంటే ముందే అందింది. డిగ్రీ చదివినవాడు చేసే పనే చేశాను. ఒక బోర్డు రాయించి గోడకు తగిలించాను. కరోనా కారణంగా కత్తితో గడ్డం గీయడం నిషేధం, మిషను మాత్రమే వాడవలెను, ఇట్లు కరోనా ఆఫీసరు. ఎవరి గొంతూ తెగదు, ఎవరూ నవ్వరు, తప్పంతా రోగం మీదికి పోతుంది. ఇంత తెలివి నాకెప్పుడు వచ్చిందని నేనే మురిసిపోయాను.

మామ బస్సు దిగి తిన్నగా గోడ దగ్గరికి వచ్చాడు. బోర్డు చదివాడు. "సర్కారు గీసిన రౌండుల నీ కంపినీ బోర్డు నడ్వది అల్లుడా" అని దాన్ని తీసి, కొమురవ్వ గంప కింద తడి తగలకుండా పరిచాడు.

గణపతి లేచి నిలబడ్డాడు. కుర్చీని తన తువ్వాలతో దులిపి, మిషను చుట్టి సంచిలో పెట్టుకొని, రౌండు దాటి బయట నిలబడ్డాడు. నేను పెద్ద గొడవ ఊహించి గేటు దగ్గరే ఉన్నాను. మామ కూడా గొడవకే మాటలన్నీ కూర్చుకొని వచ్చినట్టుంది. ఎదుటివాడు లేచి జాగ ఇచ్చేసరికి ఆ మాటలు ఏం చేసుకోవాలో తెలియక అద్దం తుడిచాడు. అది తుడిచే ఉంది.

షిఫ్టు విడిచింది. మామ కత్తి నూరుకొని కూర్చున్నాడు. ఒక్కడూ రాలేదు. నీ ఉత్తరం సంగతి నేను గణపతికీ కొమురవ్వకూ తప్ప ఎవరికీ చెప్పలేదు. కానీ కార్ఖానాలో మగ్గాల మోతకు మనిషి అరుపు వినబడదు గాని, గుసగుస ఎంత దూరమైనా పోతుంది. అందరూ మాస్కులు కండ్ల దాకా లాక్కొని, "రాం రాం సోమన్నా" అంటూ గోడ అవతలి అంచు నుంచి పోయారు. తెల్లవారీ అంతే. మాస్కు పుణ్యమా అని ఎవడికి గడ్డం ఉందో ఎవడికి లేదో దేవుడికే తెలియాలి. కొమురవ్వకు కడుపు మండి, "గిన్ని మూతులున్నయి, ఒక్కనికి గడ్డం మొలుస్తలేదారా? ఆడోళ్లయిన్రా అందరు?" అని కేక వేసింది. మూతులు ఇంకా తొందరగా నడిచాయి.

సాయంత్రం గణపతి వచ్చాడు. వచ్చి కుర్చీలో కూర్చుని, మాస్కు తీసి జేబులో పెట్టుకున్నాడు.

"సోమన్నా, జర నాకు గియ్యి" అన్నాడు.

ఆయనకు తెలుసు అత్తా. చెయ్యి సంగతి నేనే చెప్పాను. నేను గేటు నుంచి చెయ్యి ఊపి వద్దన్నాను. ఆయన నా వైపు చూడలేదు.

మామ సబ్బు పట్టించాడు. బ్రష్షు బాగానే తిరిగింది. మామ మొహంలో ఎంత సంతోషమో చెప్పలేను. కత్తి తెరిచాడు. ఎడమ చేత్తో గణపతి గడ్డం పైకెత్తి, కత్తి చెంప దగ్గరికి తెచ్చి ఆపాడు. సాయంత్రపు ఎండ కత్తి మీద పడి గోడ మీద వెలుగు మచ్చ పడింది. ఆ మచ్చ నిలవడం లేదు. కొమురవ్వ చూసింది, నేను చూశాను, గుడాలు తింటున్నవాళ్లు చూశారు. మామ గోడ వైపే చూస్తున్నాడు. గణపతి కండ్లు మూసుకొని, గొంతు అట్లాగే ఎత్తి పెట్టి, కదలకుండా కూర్చున్నాడు.

మామ కత్తి మడిచాడు. తువ్వాలతో గణపతి మొహం మీది సబ్బంతా నెమ్మదిగా తుడిచేశాడు.

"లే" అన్నాడు.

గణపతి లేచాడు. మామ ఆ కుర్చీలో కూర్చున్నాడు. నేను ఈ గేటు దగ్గర పనికి చేరిన నాటి నుంచి ఆయన ఆ కుర్చీ వెనక నిలబడగా చూశాను గాని, అందులో కూర్చోగా చూడలేదు. కత్తి గణపతి చేతికి ఇచ్చాడు.

"గియ్యి."

"అన్నా, నాకు మిషను తప్ప కత్తి రాదు. నేను మగ్గపోణ్ణి."

"పోగు తెగితే మగ్గం ఆపకుంట ముడేసేటోనివి. గా చేతులు చాలు. ఎడమ చేత్తోని తోలు గుంజు. గట్టిగ గాదు. కత్తిని ఒత్తకు, దాని బరువుకు దాన్ని పోనియ్యి. గొంతు కాడికి వచ్చినంక ఊపిరి ఆపు. నీది, నాది గాదు."

ధన్‌సుఖ్ కాకా మొదటిసారి తాళం మీది నుంచి తల ఎత్తి, ప్లాటు చేతులు మారుతోందా అని అడగబోయాడు. కొమురవ్వ గరిటె చూపించింది.

గణపతి గీశాడు. చాలాసేపు పట్టింది. మామ ఆ మధ్యలో ఒక్కసారి కూడా కసురుకోలేదు, "ఊ", "ఆ మూలకు", "ఇగ చెవు ఎనక" అని మాత్రం చెబుతూ పోయాడు. అయిపోయాక అద్దం చూసుకోలేదు. వేళ్లతో రెండు చెంపలూ తడుముకున్నాడు. గొంతు కింద తడుముకున్నాడు. చెవుల వెనక, ముక్కు కింద, మళ్లీ గొంతు మీద, వెతుకుతున్నట్టు తడుముకున్నాడు. ఎక్కడా ఏమీ దొరకలేదు.

"ఒక్క గాటన్న పెట్టకపోతివి గదరా గణపతీ" అన్నాడు.

నవ్వుతున్నాడనుకొని మేమూ నవ్వబోయాం. ఏడుస్తున్నాడు అత్తా. మాలో ఎవరికీ దగ్గరికి పోయే ధైర్యం లేకపోయింది. గణపతే వేడినీళ్లలో తువ్వాలు ముంచి పిండి, ఆయన మొహం మొత్తం కప్పేశాడు. ఇంకా పని మిగిలి ఉన్నట్టు, ఆ తువ్వాలు మీద రెండు చేతులతో నెమ్మదిగా ఒత్తుతూ, ఏడుపు ఆగేదాకా అట్లాగే నిలబడ్డాడు.

నీ అల్లుడు,
సదానందం